కంప్యూటర్లకు డోరు నంబర్లు

"మా నాన్నగారి ఆఫీసులో ఒకనాడు కంప్యూటరు పని చెయ్యలేదట. 'నీ చిరునామాను ఇంకొక యంత్రం వాడుకుంటున్నది' అని తెర మీద వచ్చిందట. ఒకే చిరునామాలో ఇద్దరుంటే తప్పేమిటి? మా ఇంట్లో ఏడుగురం ఉన్నాం కదా!" అని ఒక అమ్మాయి అడిగింది.

ప్రశ్న చాలా బాగున్నది. మీ ఇంట్లో ఏడుగురున్నా పోస్టుమానుకు చిక్కు రాదు. ఎందుకంటే ఉత్తరం మీద డోరు నంబరుతో పాటు మనిషి పేరు కూడా ఉంటుంది. యంత్రాలు ఒకదానికొకటి పంపుకునే ఉత్తరాల మీద పేరుండదు. అంకెల చిరునామా ఒక్కటే ఉంటుంది. దాన్నే ఐ.పి. అడ్రసు అంటారు. అది 10.4.3.57 అన్నట్టుగా ఉంటుంది. నాలుగు అంకెలు, మధ్యన చుక్కలు. ఒక్కొక్క అంకె 0 మొదలు 255 వరకూ ఏదైనా కావచ్చు.

మన ఊళ్ళలో రెండిళ్ళ మధ్య కొత్త ఇల్లు లేస్తే ఏం చేస్తారు? 6-3-12 పక్కన 6-3-12 బై 1 అని వేస్తారు. ఆ తరువాత బై 2, ఆ తరువాత బై 2 బై ఎ. అట్లా ఎంత దూరమైనా పోవచ్చు. కంప్యూటర్ల చిరునామాలకు ఈ "బై" సౌకర్యం లేదు. ఉన్న అంకెలతోనే సరిపెట్టుకోవాలి.

ఉన్న అంకెలెన్ని? మీకందరికీ చదరంగం గళ్ళలో బియ్యపు గింజల కథ తెలిసే ఉంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. పూర్తిగా 64 గళ్ళు నింపనక్కరలేదు. సరిగ్గా సగం బల్ల, అంటే 32 గళ్ళు నింపి, గింజలన్నీ పోగుచేసి, దానికి ఇంకొక గింజ కలపండి. 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వస్తుంది. పాత పద్ధతిలో లోకంలో ఉన్న ఐ.పి. అడ్రసులన్నీ కలిపి అన్నే. 1977లో వింటన్ సెర్ఫ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 32 సున్నా ఒకట్లతో చిరునామా రాస్తే చాలునని నిర్ణయించాడు. అప్పట్లో అదొక ప్రయోగం మాత్రమే. ఒక్కొక్క మనిషి జేబులోనూ ఒక కంప్యూటరు ఉండే రోజు వస్తుందని ఎవరు కలగన్నారు?

మొదటి రోజుల్లో చిరునామాల వ్యవహారమంతా కరణంగారి దఫ్తరం లాగా ఉండేది. 1969 ఆఖరుకు అమెరికాలోని ఆర్పానెట్‌లో ఉన్న కేంద్రాలు నాలుగే. జాన్ పోస్టెల్ అనే విద్యార్థి, ఏ పనికి ఏ నంబరు వాడాలో ఒకరు కూర్చుని రాసిపెట్టకపోతే గందరగోళం అవుతుందని 1972లో అందరికీ రాశాడు. ఆ పని తనే నెత్తికెత్తుకున్నాడు. 1998లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. మరొక పక్క, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడా, ఆమె సహాయకులూ ఏ యంత్రం పేరేమిటి, దాని నంబరేమిటి అన్నది ఒక పట్టీలో రాసి ఉంచేవారు. ఎక్కడ కొత్త యంత్రం పెట్టినా వాళ్ళకు చెప్పాలి. వాళ్ళు పట్టీలో ఎక్కించాలి. తక్కినవాళ్ళందరూ ఆ పట్టీని తెచ్చుకోవాలి. పదులకొద్దీ యంత్రాలున్నంత కాలం ఇది చక్కగా సాగింది.

ఇప్పుడు మనం ఒక పెద్ద ఆస్పత్రిలోకి పోదాం. ఏదో ఒక ఆస్పత్రి అనుకోండి. ఏడు అంతస్తులు, 1,500 యంత్రాలు. డాక్టర్ల గదుల్లో కంప్యూటర్లు, మందుల కొట్టులో కంప్యూటర్లు, అచ్చు యంత్రాలు, రక్తపరీక్ష యంత్రాలు, ఎక్స్‌రే యంత్రాలు. వీటన్నిటికీ చిరునామాలు ఉండాలి. ఏ రెండింటికీ ఒకటే ఉండరాదు. ఒక గుమాస్తా ఒక పెద్ద పుస్తకం పెట్టుకుని, ఒక్కొక్క యంత్రం దగ్గరికీ పోయి, దాని నంబరు దానికి చేత్తో కొట్టి, పుస్తకంలో రాసుకుంటున్నాడనుకోండి.

ఒకనాడు ఆయన సెలవులో ఉన్నాడు. మూడో అంతస్తుకు కొత్త అచ్చు యంత్రం వచ్చింది. దాన్ని బిగించటానికి వచ్చినవాడికి పుస్తకం దొరకలేదు. తోచిన నంబరు, 10.4.3.20 అని కొట్టి వెళ్ళిపోయాడు. కాని ఆ నంబరు అప్పటికే రోగుల రికార్డులు దాచే కంప్యూటరుది.

ఏం జరుగుతుంది? రక్తపరీక్ష యంత్రం ఫలితాన్ని రికార్డుల కంప్యూటరుకు పంపాలి. పంపేముందు అది ఆ అంతస్తులో అందరికీ వినబడేలాగా "10.4.3.20 ఎవరండీ?" అని కేకవేస్తుంది. మామూలుగా అయితే ఒకరే పలుకుతారు. ఇప్పుడు ఇద్దరు "నేనే!" అన్నారు. ఎవరి మాట ఆఖరున వినబడితే ఫలితం వాళ్ళ దగ్గరికి పోతుంది. అచ్చు యంత్రానికి ఆ ఉత్తరం ఏమీ అర్థం కాదు. పారేస్తుంది. కాసేపు పోయాక మళ్ళీ అడిగినప్పుడు రికార్డుల కంప్యూటరు గొంతు వినబడితే పని జరిగిపోతుంది. అంచేత పది ఫలితాల్లో నాలుగు చేరుతాయి, ఆరు చేరవు. పూర్తిగా ఆగిపోతే ఎవరో ఒకరు వెంటనే చూస్తారు. అప్పుడప్పుడు ఆగి అప్పుడప్పుడు నడిచే జబ్బును పట్టుకోవటం ఎంత కష్టమో మీ ఊరి రేడియో మెకానిక్కును అడగండి. అవతల రోగి మంచం మీద ఉన్నాడు, డాక్టరు ఫలితం కోసం ఎదురుచూస్తున్నాడు.

ఇక్కడ మీలో తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. "ప్రతి యంత్రానికీ ఫ్యాక్టరీలోనే ఒక నంబరు వేసి పంపుతారట గదా, దాన్నే చిరునామాగా వాడరాదా?" నిజమే, అలాంటి నంబరు ఉన్నది. దాన్ని మాక్ అడ్రసు అంటారు. అది పుట్టుమచ్చ వంటిది. పుట్టుమచ్చను బట్టి మనిషిని ఆనవాలు పట్టవచ్చు గాని, అతను ఏ ఊళ్ళో ఏ వీధిలో ఉన్నాడో చెప్పలేం గదా! ఉత్తరం చేరాలంటే ఎటు పోవాలో తెలియాలి. ఐ.పి. అడ్రసు ఆ దారి చెబుతుంది. యంత్రం ఒక గదిలోంచి మరో ఊరికి పోతే పుట్టుమచ్చ అదే ఉంటుంది, చిరునామా మారుతుంది.

గుమాస్తా పుస్తకం బాధ తప్పించటానికి 1993లో ఒక పద్ధతి వచ్చింది. అమెరికాలో బక్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే రాల్ఫ్ డ్రామ్స్ అనే ఆయన దాని నిబంధనలు రాశాడు. దాని పేరు డి.హెచ్.సి.పి. పేరు నోరు తిరగకపోయినా పద్ధతి మీరెరిగినదే. గుళ్ళో చెప్పుల స్టాండు చూశారా? మీరు చెప్పులిస్తే వాడు ఒక టోకెను ఇస్తాడు. దర్శనం చేసుకుని వచ్చి మీరు టోకెను తిరిగి ఇచ్చేస్తే అదే టోకెనును మరొకరికి ఇస్తాడు. వెయ్యి టోకెన్లతో రోజుకు పదివేల మందిని సాగనంపవచ్చు. అన్ని టోకెన్లూ ఒకడి చేతి మీదుగానే పోతాయి కనక ఒకే నంబరు ఇద్దరి చేతికి రాదు.

ఆస్పత్రిలోనూ అంతే. ఒక కంప్యూటరును టోకెన్లు ఇచ్చేవాడుగా కూర్చోబెడతారు. పొద్దున్నే డాక్టరుగారు తన కంప్యూటరు మీట నొక్కగానే అది, "టోకెన్లు ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా?" అని కేకవేస్తుంది. పాపం, దానికింకా చిరునామా లేదు కనక ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. టోకెన్లవాడు, "10.4.3.57 ఖాళీగా ఉన్నది, కావాలా?" అంటాడు. "సరే, అదే ఇప్పించండి," అంటుంది కంప్యూటరు, మళ్ళీ అందరికీ వినబడేలాగా. ఎందుకంటే పెద్ద ఆఫీసుల్లో టోకెన్లవాళ్ళు ఇద్దరుంటారు. ఒకడు జబ్బుపడితే రెండోవాడు చూసుకోవాలి. ఒకడి టోకెను తీసుకున్నట్టు తెలిస్తే రెండోవాడు తనది లోపల పెట్టుకుంటాడు. ఆఖరున టోకెన్లవాడు, "ఇచ్చాను, పుస్తకంలో రాసుకున్నాను," అంటాడు. నాలుగే మాటలు. డాక్టరుగారు కుర్చీ సర్దుకునే లోపుగా ఇదంతా అయిపోతుంది.

ఈ కేకలు ఆ అంతస్తు గోడలు దాటవు. దాటితే ఏడంతస్తుల కేకలూ కలిసి ఎవరికీ ఏమీ వినబడదు. అందుకని ప్రతి అంతస్తు గుమ్మం దగ్గరా ఉండే యంత్రం ఒక బంట్రోతు లాగా ఆ మాటను టోకెన్లవాడి దగ్గరికి మోసుకుపోయి జవాబు తెస్తుంది.

టోకెనుకు గడువుంటుంది. ఎనిమిది రోజుల గడువు అనుకోండి. నాలుగో రోజు గడిచేసరికి కంప్యూటరు తనకు టోకెను ఇచ్చినవాడి దగ్గరికే పోయి, "ఇంకా నాకు కావాలి," అని మెల్లిగా అడుగుతుంది. వాడు పలక్కపోతే ఏడో రోజు గడిచాక, ఎవరైనా సరే గడువు పెంచండని అందరినీ అడుగుతుంది. ఎనిమిది రోజులూ నిండేదాకా ఎవరూ పలక్కపోతే ఆ చిరునామా వదిలేయాల్సిందే. సగం గడువు, ఎనిమిదింట ఏడు వంతుల గడువు అన్న ఈ లెక్కలు నిబంధనల్లోనే రాసి ఉన్నాయి.

గడువు ఎంత పెట్టాలన్నది చిన్న సంగతిగా కనబడుతుంది గాని, పెద్ద ఆఫీసుల్లో చాలా తలనొప్పులు ఇక్కడి నుంచే వస్తాయి. ఒక అంతస్తుకు 256 చిరునామాలు ఇస్తే మొదటిదీ ఆఖరుదీ వాడరు. మొదటిది ఆ వీధి మొత్తానికి పేరు. ఆఖరుది అందరినీ ఒకేసారి పిలవటానికి. గుమ్మం దగ్గరి యంత్రానికి ఒకటి పోను 253 మిగులుతాయి. ఇప్పుడు రోగులను చూడవచ్చే బంధువులు కూచునే హాలుకు ఈ 253 ఇచ్చి, ఎనిమిది రోజుల గడువు పెట్టారనుకోండి. రోజుకు వంద మంది కొత్తవాళ్ళు ఫోన్లతో వస్తారు. సాయంత్రం ఇళ్ళకు పోతారు. ఫోన్లు సాధారణంగా "పోతున్నాం, టోకెను తీసుకోండి" అని చెప్పి పోవు. మొదటిరోజు వంద, రెండోరోజు వంద అయిపోయాయి. మూడోరోజు 53 మందికే దొరుకుతాయి. తక్కిన 47 మందికి లేవు. హాల్లో ఉన్నవాళ్ళు వంద మందే, అయినా టోకెన్లు నిండుకున్నాయి! గడువు ఎనిమిది గంటలని మార్చి చూడండి. రాత్రికి రాత్రి అన్నీ తిరిగివచ్చేస్తాయి. కొత్త చిరునామా ఒక్కటి కూడా కొననక్కరలేదు.

టోకెను దొరకని కంప్యూటరు తనంతట తనే 169.254 తో మొదలయ్యే నంబరు ఒకటి పెట్టుకుంటుంది. పెద్దలకు ఒక మాట: మీ ఆఫీసు కంప్యూటరులో ఆ రెండు అంకెలు కనబడితే దాన్ని తిట్టి లాభం లేదు. దాని కేక టోకెన్లవాడికి వినబడలేదన్నమాట. ముందు తీగ సరిగా గుచ్చి ఉన్నదో లేదో చూడండి.

అన్నిటికీ టోకెన్లు పనికిరావు. అచ్చు యంత్రమూ, రికార్డుల కంప్యూటరూ రోజుకొక చిరునామాకు మారితే వాటిని వెతుక్కునేవాళ్ళ గతేమిటి? అంచేత టోకెన్లవాడి దగ్గర ఒక జాబితా ఉంటుంది: ఫలానా పుట్టుమచ్చ గల యంత్రం వస్తే ఎప్పుడూ ఇదే నంబరు ఇవ్వాలి అని. అయితే, ఆ సెలవురోజు వచ్చినవాడు అచ్చు యంత్రానికి చేత్తో ఏమీ కొట్టకుండా వదిలేసి ఉంటే గొడవే ఉండేది కాదు.

ఇంతకంటె పెద్ద గొడవ ఇంకొకటున్నది. ఇంట్లో ఇంటర్నెట్టుకు వాడే చిన్న పెట్టె చూశారు గదా. అందులో కూడా ఒక టోకెన్లవాడుంటాడు. గదిలో సిగ్నలు బాగా రావటం లేదని ఏ ఉద్యోగో మంచి ఉద్దేశంతోనే అలాంటి పెట్టె ఇంటి నుంచి తెచ్చి ఆఫీసు గోడకు తగిలిస్తాడు. గుళ్ళో రెండో మనిషి దొంగ టోకెన్లు పట్టుకుని నిలబడినట్టవుతుంది! కేకకు ఎవరు ముందు పలికితే వాళ్ళ టోకెనునే కంప్యూటర్లు తీసుకుంటాయి. అవి పట్టుకుని పోతే దారి ఎటూ ఉండదు. ఒక పెట్టె తగిలిస్తే అంతస్తంతా ఆగిపోతుంది. ఈ రోజుల్లో తీగలన్నీ కలిసే చోట ఉండే స్విచ్చి అనే పరికరానికి, "ఈ ఒక్క తీగ నుంచి వచ్చే టోకెన్లే నమ్ము, తక్కినవి పారెయ్యి" అని చెప్పి ఉంచవచ్చు. చాలా ఆఫీసుల్లో చెప్పి ఉంచరు. ఒకసారి దెబ్బ తిన్నాక చెబుతారు.

ఇక అసలు కరువు సంగతి. మొదట్లో చిరునామాలను మూడే సైజుల్లో పంచారు. పెద్దది 1,67,77,216. నడిమిది 65,536. చిన్నది 256. మూడే సైజుల చొక్కాలు కుట్టే దర్జీ దగ్గరికి పోయినట్టు! మూడు వందల యంత్రాలున్న ఆఫీసుకు చిన్న చొక్కా పట్టదు, నడిమిది తొడిగితే నేలమీద జీరాడుతుంది. అయినా అదే ఇచ్చారు. పెద్ద చొక్కాలు కొందరికే దక్కాయి. 17 తో మొదలయ్యేవన్నీ ఆపిల్ కంపెనీకి, 18 తో మొదలయ్యేవి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు, 19 తో మొదలయ్యేవి ఫోర్డు మోటారు కంపెనీకి పోయాయి. ఆ విద్యాసంస్థ 2017లో లెక్క చూసుకుంటే కోటీ నలభై లక్షల చిరునామాలు వాడకుండానే పడి ఉన్నాయి. అందులో ఎనభై లక్షలు అమ్మకానికి పెట్టింది.

1993 నుంచి దర్జీ పద్ధతి మారింది. 2, 4, 8, 16, 32, 64, 128, 256, 512... ఇలా రెట్టింపుల్లో ఏ సైజు ముక్క కావాలంటే ఆ ముక్క కోసి ఇవ్వసాగారు. కాని ఆలస్యమైంది. 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచ భాండారంలో మిగిలిన ఆఖరు అయిదు పెద్ద ముక్కలనూ అయిదు ఖండాల సంస్థలకు తలా ఒకటి ఇచ్చేశారు. అదే ఏడు, దివాలా తీసిన నార్టెల్ అనే కెనడా కంపెనీ ఆస్తులు అమ్ముతుంటే, మైక్రోసాఫ్టు కంపెనీ 6,66,624 చిరునామాలను 75 లక్షల డాలర్లకు కొన్నది. అంటే ఒక్కొక్క అంకెకూ 11 డాలర్ల పైమాటే. ఒకప్పుడు ఊరికే ఇచ్చినవి!

మరి మన ఆస్పత్రికి 1,500 చిరునామాలు ఎక్కడివి? అందుకొక ఉపాయం ఉన్నది. 10 తో మొదలయ్యేవీ, 192.168 తో మొదలయ్యేవీ, 172.16 నుంచి 172.31 వరకూ ఉన్నవీ ఎవరి సొత్తూ కావని, ఎవరి ప్రహరీ లోపల వాళ్ళు వాడుకోవచ్చునని 1996లో నియమం పెట్టారు. ప్రతి హాస్టల్లోనూ 12వ నంబరు గది ఉంటుంది. లోపలున్నంత సేపూ చిక్కు లేదు. బయటి పోస్టుమానుకు మాత్రం హాస్టలు చిరునామా ఒక్కటే తెలుసు. గేటు దగ్గర కూచున్న వాచ్‌మన్ ఎవరు ఎవరికి ఉత్తరం రాశారో గుర్తుపెట్టుకుని, జవాబు వచ్చినప్పుడు సరైన గదికి చేరవేస్తాడు. ఇలా వేల యంత్రాలు ఒకటి రెండు బయటి చిరునామాలతో గడుపుకుంటాయి. మీ ఇంట్లోనూ ఇదే జరుగుతున్నది.

ఇందులోనూ ఒక ఇరకాటమున్నది. రెండు పెద్ద సంస్థలు ఒకటైనప్పుడు చూడాలి తమాషా! ఇద్దరూ లోపల 10.1.1.1 నుంచే మొదలుపెట్టి ఉంటారు. రెండిళ్ళవాళ్ళు వియ్యమందితే రెండిళ్ళలోనూ అయిదుగురు వెంకటేశ్వర్లు తేలినట్టుంటుంది. ఎవరో ఒకరు నంబర్లన్నీ మార్చుకోవాలి. ఆ పని నెలలు పడుతుంది. అందుకే ముందుచూపు గలవాళ్ళు మొదటి అంకె 10 ఉంచి, రెండో అంకెను ఊరికి, మూడో అంకెను అంతస్తుకు కేటాయిస్తారు. మధ్యమధ్య ఖాళీలు కూడా వదులుతారు. అప్పుడు 10.4.3.57 అనగానే నాలుగో ఊరి ఆస్పత్రి, మూడో అంతస్తు అని చెప్పవచ్చు. వరసగా ఖాళీ లేకుండా పంచుకుంటూ పోయేవాళ్ళకు ఆ రోజు పొదుపు చేశామన్న తృప్తి ఉంటుంది గాని, మూడేళ్ళకు అంతా కలగాపులగమై కూచుంటుంది.

కొత్త పద్ధతి చిరునామాల నిబంధనలు మొదట 1995లో వచ్చాయి. వీటికి సగం బల్ల కాదు, రెండు చదరంగం బల్లలు కావాలి. 128 గళ్ళు. గింజల లెక్క ఇదుగో: 340282366920938463463374607431768211456. మొత్తం 39 అంకెలు. దీన్ని గట్టిగా చదవగలిగినవాళ్ళు మీ లెక్కల మాస్టారికి వినిపించండి. ఇక్కడ కరువన్న మాట లేదు. మన దేశంలో సెల్‌ఫోన్లు చాలావరకు వీటినే వాడుతున్నవి. కాని పాత పద్ధతి యంత్రానికి కొత్త చిరునామా ఒక్క ముక్క అర్థం కాదు. కనక ఆఫీసులవాళ్ళు రెండు రకాల చిరునామాలూ పెట్టుకుని, రెండు దఫ్తరాలు నడుపుకుంటున్నారు.

ఈ నెల లెక్క: ఒక బ్యాంకుకు 256 చిరునామాల ముక్క ఒకటి ఉన్నది. మూడు అంతస్తులు. మొదటి అంతస్తులో 90 యంత్రాలు, రెండో దానిలో 60, మూడో దానిలో 20. ముక్కలను రెట్టింపు సైజుల్లోనే కొయ్యాలి. ప్రతి ముక్కలోనూ మొదటిదీ ఆఖరుదీ వాడరాదు, గుమ్మానికి ఒకటి ఇవ్వాలి. ఏ అంతస్తుకు ఎంత ముక్క ఇవ్వాలి? అందరికీ ఇచ్చాక కొయ్యకుండా మిగిలే ముక్క ఎంత? రెండో అంతస్తుకు ఇంకో ఇద్దరు గుమాస్తాలు వచ్చి చేరితే ఏం చెయ్యాలి? జవాబు వచ్చే నెల.